కారు ఇంజిన్ పవర్ పెంచాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యూనింగ్ గురించి అడిగేవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది "ఎంత పెరుగుతుంది?" అనే. ఆ ప్రశ్న సరైనదే, కానీ దానికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది: పవర్ పెరిగితే ఏ భాగం ముందు చేతులెత్తేస్తుంది? క్లచ్చా, గేర్‌బాక్సా, పిస్టనా, పెట్రోలా? అది తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆగాలో తెలిసిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తున్న సందేహాలను దశలవారీగా ఇక్కడ పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కారు కొనక ముందు

పవర్ పెంచే ఉద్దేశంతోనే కొంటున్నా. టర్బో పెట్రోల్ తీసుకోవాలా, మామూలు పెట్రోలా?

బడ్జెట్ సరిపోతే టర్బోనే తీసుకోండి. మామూలు ఇంజిన్ బయటి గాలిని తనంతట తానే పీల్చుకుంటుంది. అందుకే ఎంత మంచి ఇంజిన్ అయినా ఇంజిన్ సైజులో లీటరుకు 100 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) టార్క్, అంటే తిప్పే బలం, దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది. హోండా సిటీ 1.5 ఐ-వీటెక్ ఇచ్చేది 145 ఎన్ఎం చుట్టూ, స్విఫ్ట్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1.2 కె-సిరీస్ ఇచ్చేది 113 చుట్టూ. లీటరు లెక్కన చూస్తే రెండూ ఒకటే.

టర్బో గాలిని ఒత్తిడి పెట్టి లోపలికి తోస్తుంది. ఎంత ఒత్తిడి (బూస్ట్) అనేది ఈసీయూలోని, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లోని, సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలోని 1.5 టీఎస్ఐ 250 ఎన్ఎం ఇస్తుంది, అంటే లీటరుకు దాదాపు 167. హ్యుందాయ్ వెర్నా, క్రెటాల్లోని 1.5 టర్బో 253 ఇస్తుంది. అది కూడా కంపెనీ కొంత మార్జిన్ వదిలేసి ఇచ్చిన లెక్కే. నాసిరకం పెట్రోల్ పోసినా, రామగుండం ఎండలో నడిపినా, సర్వీసు ఆలస్యం చేసినా ఇంజిన్ నిలబడాలి కాబట్టి కంపెనీ ఆ జాగ్రత్త తీసుకుంటుంది. ట్యూనర్ వాడుకునేది ఆ మార్జిన్‌లో కొంత భాగాన్నే.

కొనేటప్పుడు హెచ్‌పీ చూడాలా, టార్క్ చూడాలా?

రెండూ ఒకే లెక్కలోంచి వస్తాయి. టార్క్‌ని ఎన్ఎంలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 7024తో భాగిస్తే పీఎస్ (హెచ్‌పీకి దాదాపు సమానమైన కొలత) వస్తుంది. 3500 ఆర్‌పీఎం దగ్గర 250 ఎన్ఎం ఉంటే అది 125 పీఎస్. అదే 250ని 5000 దాకా నిలబెట్టగలిగితే 178 పీఎస్. సిటీ ట్రాఫిక్‌లో, ఓవర్‌టేక్‌లో మీకు తెలిసేది మధ్య ఆర్‌పీఎంలో ఉన్న టార్క్. ట్రాక్ మీద లాప్ టైమ్ తగ్గించేది పై ఆర్‌పీఎంలో పడిపోకుండా నిలిచే టార్క్. బ్రోచర్‌లోని ఒక్క అంకె కాకుండా మొత్తం గ్రాఫ్ అడిగి చూడండి.

డీఎస్‌జీ ఉన్న కారు ట్యూనింగ్‌కి పనికొస్తుందా?

డీఎస్‌జీ అంటే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అందులో ఏ రకం అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా వచ్చింది డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం. దాని పరిమితి 250 ఎన్ఎం. కంపెనీ ఆ పరిమితిని ఎంత పట్టించుకుందో చూడాలంటే 2016లో వచ్చిన స్కోడా సూపర్బ్ 1.8 టీఎస్ఐ చూడండి. మాన్యువల్ వేరియంట్‌లో ఆ ఇంజిన్ 320 ఎన్ఎం ఇచ్చేది. డీఎస్‌జీ వేరియంట్‌లో అదే ఇంజిన్‌ని 250 దగ్గరే ఆపేశారు. ఇంజిన్‌కి శక్తి లేక కాదు, గేర్‌బాక్స్ కోసం.

రీమ్యాప్ చేసి, అంటే ఈసీయూలోని సెట్టింగులు (మ్యాప్) మార్చి, డీక్యూ200 మీద 300 దాటి నడిపేవాళ్లు ఉన్నారు. అది కొన్నాళ్లు పనిచేస్తుంది కూడా. కానీ క్లచ్ ప్యాక్, మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే నియంత్రణ భాగం) ఖర్చు ముందే పక్కన పెట్టుకుని దిగాల్సిన పని అది. ఆటోమేటిక్కే కావాలి, టార్క్ బాగా పెంచాలి అనుకుంటే ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ రకం ఉన్న కారు వెతకండి. మాన్యువల్ అయితే ఇంకా సులువు. క్లచ్ జారితే బలమైనది వేయించుకుంటే సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఆల్రెడీ రీమ్యాప్ చేసిన కారు చౌకగా వస్తోంది. తీసుకోవచ్చా?

బిల్లులు, డైనో (పవర్ కొలిచే యంత్రం) షీట్, సర్వీస్ రికార్డు మూడూ ఉంటేనే ఆలోచించండి. ఎవరు చేశారు, ఏ మ్యాప్ వేశారు, ఒరిజినల్ ఫైల్ ఉందా అని అడగండి. "స్టేజ్ 1 (సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించాను, ఎక్కడో గుర్తులేదు" అనే ఓనరు దగ్గర మాత్రం వద్దు.

డీజిల్ కారు రీమ్యాప్‌తో బాగా మారుతుందంటారు. నిజమేనా?

పాత డీజిల్స్‌లో నిజమే. ఫియట్ 1.3 మల్టీజెట్ ఇందుకు మంచి ఉదాహరణ. స్విఫ్ట్‌లో అది 75 పీఎస్, 190 ఎన్ఎం. వేరియబుల్ జామెట్రీ (ఇంజిన్ వేగాన్ని బట్టి రెక్కల కోణం మారే) టర్బో పెట్టి సియాజ్‌లో ఇచ్చినప్పుడు 90 పీఎస్, 200 ఎన్ఎం. వెర్నా 1.6 సీఆర్‌డీఐ కంపెనీ నుంచే 128 పీఎస్, 260 ఎన్ఎంతో వచ్చింది. డీజిల్‌లో పెట్రోల్‌లాంటి నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం) బెడద ఉండదు కాబట్టి టార్క్ సులువుగా పెరుగుతుంది.

అయితే ఇంధనం ఎక్కువై గాలి చాలకపోతే నల్ల పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరిగి టర్బో మీద పడుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బీఎస్6 డీజిల్స్‌లో డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) ఉంటుంది, మసి ఎక్కువైతే అది పూడిపోతుంది. డీపీఎఫ్ పీకేసి "ఇక టెన్షన్ లేదు" అనే వర్క్‌షాపులకు దూరంగా ఉండండి. అది చట్టవిరుద్ధం, పైగా ఆ మసి పీల్చేది వెనకాల బైకు మీద వచ్చేవాళ్లు.

టయోటా 2జేజెడ్ ఇంజిన్‌కి అంత పేరు ఎందుకు? దాని నుంచి మనం నేర్చుకునేదేంటి?

1990లలో సుప్రాలో వచ్చిన 2జేజెడ్-జీటీఈ మూడు లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, అంటే ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. బోర్ 86 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 86 మిల్లీమీటర్లు. బ్లాక్ పోత ఇనుముతో చేసినది. ఇన్‌లైన్ సిక్స్ కావడంతో క్రాంక్‌ని ఏడు మెయిన్ బేరింగులు పట్టుకుని ఉంటాయి, సిలిండర్ల కదలికలు ఒకదాన్నొకటి సమతూకం చేసుకుంటాయి. జపాన్ కంపెనీలు తమలో తాము చేసుకున్న అంగీకారం వల్ల అక్కడ కాగితం మీద 280 పీఎస్ అని రాసి అమ్మారు. లోపలి భాగాలు మాత్రం దానికి ఎన్నో రెట్లు తట్టుకునేలా ఉన్నాయి. అందుకే బ్లాక్ మార్చకుండా టర్బో, ఇంధన వ్యవస్థ మార్చి జనం దాన్ని అంత దూరం తీసుకెళ్లగలిగారు.

మనం ఇంజిన్ ఎంచుకునేటప్పుడు కూడా చూడాల్సింది అదే. బ్లాక్, క్రాంక్, రాడ్లు ఎంత బలంగా ఉన్నాయి, కంపెనీ వాటిలో ఎంత వాడుకుంది అన్నదే అసలు విషయం.

## పని మొదలుపెట్టే ముందు

నా కారు లక్ష కిలోమీటర్లు తిరిగింది. రీమ్యాప్ తట్టుకుంటుందా?

కిలోమీటర్లు చూసి చెప్పలేం, టెస్టు చేయించి చెప్పాలి. కంప్రెషన్ టెస్ట్‌లో అన్ని సిలిండర్లూ ఒకదానికొకటి 10 శాతం లోపు తేడాలో ఉండాలి. దానికన్నా లీక్‌డౌన్ టెస్ట్ ఎక్కువ చెబుతుంది. పిస్టన్‌ని పై అంచుకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి నింపుతారు. ఎంత గాలి తప్పించుకుంటోందో గేజ్ చూపిస్తుంది. ఎక్కడి నుంచి తప్పించుకుంటోందో మీ చెవి చెబుతుంది. ఆయిల్ మూత తీస్తే బుస్సుమని వినిపిస్తే రింగులు అరిగాయి. సైలెన్సర్ గొట్టంలోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా కూర్చోవట్లేదు. థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. కూలెంట్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్.

మెకానిక్ ఈ టెస్టు చేసేటప్పుడు పక్కనే నిలబడి వినండి. గాలి రింగుల దగ్గర ఎక్కువగా పోతుంటే ట్యూనింగ్ డబ్బులు ముందు ఇంజిన్ పనికే వెళ్లాలి.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే ఇన్‌టేక్ వాల్వ్‌ల వెనక కార్బన్ కూడా చూడండి. ఈ రకంలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది కాబట్టి ఆ వాల్వ్‌లను కడిగేది ఏదీ ఉండదు. పొరలు పొరలుగా మసి పేరుకుంటుంది. దాన్ని శుభ్రం చేయిస్తేనే పోయిన పికప్ కొంత తిరిగి వస్తుంది.

మొదట డబ్బు దేనిమీద పెట్టాలి?

బ్రేకులు, టైర్లు. వేగం 100 నుంచి 120కి పెరిగితే ఆపాల్సిన శక్తి 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. ఘాట్‌లో దిగేటప్పుడు అది మరిగితే పెడల్ నేలకి దిగిపోతుంది. రెండేళ్లు దాటితే మార్పించండి. మంచి ప్యాడ్లు, మంచి టైర్లు వేసిన స్టాక్ (ఇంజిన్‌లో ఏ మార్పూ చేయని) కారు, అరిగిన టైర్ల మీద ఉన్న స్టేజ్ 1 కారు కన్నా అరకు ఘాట్ రోడ్డు మీద హాయిగా వెళ్తుంది.

వైజాగ్‌లో బాగా లాగే కారు హైదరాబాద్‌లో కొంచెం మందంగా అనిపిస్తోంది. భ్రమేనా?

మామూలు పెట్రోల్ ఇంజిన్ అయితే భ్రమ కాదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి వైజాగ్ తీరంలో కన్నా సుమారు 6 శాతం తక్కువ. గాలి ఎంత తగ్గితే పవర్ కూడా అంత తగ్గుతుంది. ఎండ ప్రభావం ఇంకా ఎక్కువ. డిసెంబర్ తెల్లవారుజామున 15 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి 8 నుంచి 9 శాతం పలుచగా ఉంటుంది. టర్బో ఇంజిన్ ఎత్తు వల్ల వచ్చే నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది, వేడి వల్ల వచ్చే నష్టాన్ని అంత సులువుగా పూడ్చుకోలేదు.

మంచి ట్యూనర్‌ని ఎలా గుర్తుపట్టాలి?

పని మొదలుపెట్టే ముందే మీ కారుని నడిపి లాగ్ (సెన్సర్ల అంకెల రికార్డు) తీసుకునేవాడు మంచివాడు. ఏ పెట్రోల్ పోస్తారు, ఎక్కడ నడుపుతారు, ఎన్ని కిలోమీటర్లు అయ్యాయి అని అడుగుతాడు. ఒరిజినల్ ఫైల్ భద్రంగా ఉంచి, అడిగితే వెనక్కి వేసి ఇస్తాడు. మీ గేర్‌బాక్స్ పరిమితి ఎంతో మీరు అడగకుండానే చెబుతాడు. కారు చూడకుండానే ఫోన్‌లో "40 హెచ్‌పీ గ్యారెంటీ" అనేవాడిని వదిలేయండి.

## మొదటి దశ మార్పులు

స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అంటే ఏంటి?

ఇవి ప్రమాణాలేమీ కావు, వాడుకలో స్థిరపడ్డ పేర్లు. స్టేజ్ 1 అంటే సాధారణంగా సాఫ్ట్‌వేర్ ఒక్కటే. స్టేజ్ 2 అంటే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది), ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ లాంటివి మార్చి దానికి తగ్గ మ్యాప్. స్టేజ్ 3 అంటే టర్బోనే మార్చడం. ఒక్కో ట్యూనర్ ఒక్కోలా వాడతారు కాబట్టి బిల్లులో ఏ భాగం మారుస్తున్నారో పేరు రాయించుకోండి. ఖర్చు స్టేజ్ 1లో వేలల్లో ఉంటుంది, స్టేజ్ 3లో లక్షల్లోకి వెళ్తుంది.

ట్యూనింగ్ బాక్స్ పెట్టుకోవాలా, ఈసీయూ రీమ్యాప్ చేయించాలా?

బాక్స్ సెన్సర్లకీ ఈసీయూకీ మధ్య కూర్చుని అబద్ధం చెబుతుంది. అసలు బూస్ట్ కన్నా తక్కువ ఉందని నమ్మిస్తే ఈసీయూ ఇంకొంచెం పెంచుతుంది. పీకేస్తే కారు పాత స్థితికి వస్తుంది, అదొక్కటే దాని సుగుణం. ఇగ్నిషన్ టైమింగ్, ఇంధనం, టార్క్ పరిమితులు అన్నీ కలిపి సరిచేయడం బాక్స్‌కి చేతకాదు. నా ఓటు రీమ్యాప్‌కే. ఒక జాగ్రత్త: ఏ కారుకైనా ఒకే ఫైల్ వేసి పంపేస్తే దానికి బాక్స్ కన్నా పెద్ద తేడా ఉండదు. లాగ్ చూసి, సరిచేసి, మళ్లీ లాగ్ చూసి చేసిన మ్యాప్‌కే రీమ్యాప్ అనే పేరు తగుతుంది.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే పవర్ పెరుగుతుందా?

స్టాక్ కారులో చెప్పుకోదగ్గంత పెరగదు, శబ్దం మారుతుంది. కంపెనీ ఫిల్టర్ బాక్స్ ముందు గ్రిల్ నుంచి చల్లగాలి తెచ్చుకుంటుంది. అది తీసేసి బోనెట్ కింద కోన్ ఫిల్టర్ పెడితే ఇంజిన్ పీల్చేది రేడియేటర్ వేడి గాలి. ఆయిల్ పూసే రకం ఫిల్టర్‌లో ఆయిల్ ఎక్కువైతే ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటుంది.

ఇంకో ప్రమాదం మన వానలది. చల్లగాలి కోసం ఇన్‌టేక్‌ని బంపర్ కిందికి దించినవాళ్లు అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలోకి దిగితే నీరు నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది. నీటిని నొక్కలేం. పిస్టన్ పైకి రాబోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోకపోతే అలాంటి నష్టానికి సాధారణంగా క్లెయిమ్ దొరకదు.

సైలెన్సర్ మారిస్తే ఎంత లాభం?

వెనక మఫ్లర్ ఒక్కటే మారిస్తే శబ్దమే లాభం. టర్బో కారులో నిజంగా అడ్డుపడేది టర్బో వెనకే ఉండే డౌన్‌పైప్, అందులోని క్యాటలిటిక్ కన్వర్టర్ (విషవాయువులను తగ్గించే భాగం). ఆ కన్వర్టర్‌ని తీసేస్తే టర్బో త్వరగా తిరుగుతుంది, నిజమే. కానీ ఆ కారు పొల్యూషన్ నిబంధనలు దాటినట్టే, రోడ్డు మీదికి తేవడం చట్టవిరుద్ధం. ఆ కాస్త లాభం కోసం ఈ రిస్కు అక్కర్లేదు. మన నగరాల్లో పోలీసులు మోడిఫైడ్ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వార్తలు చూసే ఉంటారు.

ప్రీమియం పెట్రోల్ పోస్తే పవర్ వస్తుందా?

స్టాక్ మ్యాప్ ఉన్న చిన్న కారుకి దాదాపు ఏమీ రాదు. ఆక్టేన్ అంటే నాకింగ్‌ని తట్టుకునే గుణం, అదనపు శక్తి కాదు. కంపెనీ 91 ఆక్టేన్‌కి సరిపోయేలా మ్యాప్ రాస్తే, మీరు 100 పోసినా ఇంజిన్‌కి ఆ వెసులుబాటు వాడుకోవడం రాదు. ట్యూన్ చేసిన టర్బోకి మాత్రం ఇదే ప్రాణం. ఆక్టేన్ ఎక్కువైతే ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరపొచ్చు, బూస్ట్ పెంచొచ్చు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో ఎక్స్‌పీ100ని తెచ్చింది గానీ అన్ని ఊళ్లలో దొరకదు. మీ ఊరి బంకులో రోజూ దొరికే పెట్రోల్‌కే మ్యాప్ రాయించుకోండి. 100 ఆక్టేన్ మ్యాప్ వేసుకుని రాత్రిపూట హైవే మీద ఏది దొరికితే అది పోయించడం ఇంజిన్‌కి చేటు.

ఈ20 పెట్రోల్‌తో ట్యూనింగ్‌కి లాభమా, నష్టమా?

రెండూ ఉన్నాయి. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌ని చల్లబరుస్తుంది కూడా. అది నాకింగ్‌ని తగ్గిస్తుంది. మరోవైపు లీటరుకి ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిస్తే మొత్తం మీద 6, 7 శాతం తగ్గుతుంది. మైలేజ్ తగ్గేది అక్కడే. స్వచ్ఛమైన పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఈ20కి 13.5 చుట్టూ చాలు. అంటే అదే గాలికి ఇంజెక్టర్లు ఎక్కువ ఇంధనం పొయ్యాలి. ఇప్పటికే చివరి అంచులో ఉన్న ఇంజెక్టర్లు, ఫ్యుయెల్ పంప్ ఉంటే అక్కడ మిశ్రమం పలచబడుతుంది. ఈ20 రాకముందు రాయించుకున్న పాత మ్యాప్ ఉన్నవాళ్లు ఒకసారి ఇప్పటి పెట్రోల్‌తో లాగ్ తీయించుకోండి. పాత కార్లలో రబ్బర్ పైపులు, సీల్స్ ఈ20కి పనికొస్తాయో లేదో కంపెనీ మాన్యువల్‌లో చూడండి.

నాకింగ్ వినిపించట్లేదు. అంటే ఇంజిన్ బాగున్నట్టేనా?

చెవిని నమ్మొద్దు. ఇప్పటి ఇంజిన్లలో నాక్ సెన్సర్ ముందే పసిగట్టి టైమింగ్ వెనక్కి లాగుతుంది, మీకు శబ్దం రాకముందే. ఓబీడీ పోర్ట్‌లో (ఈసీయూ సమాచారం చదివే సాకెట్‌లో) రీడర్ పెట్టి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 2000 ఆర్‌పీఎం నుంచి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి లాగ్ తీస్తే తెలుస్తుంది. పక్క సీట్లో ఒకరు కూర్చుని స్క్రీన్ చూడాలి, నడిపేవాళ్లు చూడకూడదు.

లాగ్‌లో మూడు వరుసలు చదవండి. ఒకటి, సిలిండర్లవారీగా టైమింగ్ ఎంత వెనక్కి లాగింది. అప్పుడప్పుడు ఒకటి రెండు డిగ్రీలు మామూలే. ఒకే సిలిండర్‌లో ప్రతి పుల్‌లోనూ (ఫుల్ థ్రాటిల్ పరుగులోనూ) నాలుగైదు డిగ్రీలు కనిపిస్తే ఏదో తేడా ఉంది: ప్లగ్ పోయిందో, ఆ సిలిండర్‌లో కార్బన్ పేరుకుందో, ఇంజెక్టర్ సరిగా పొయ్యట్లేదో. రెండు, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత. మొదటి పుల్‌లో 45 ఉండి మూడో పుల్‌కి 70 దాటితే మీ ఇంటర్‌కూలర్ అలసిపోతోంది. మూడు, గాలి ఇంధన నిష్పత్తి. టర్బో పెట్రోల్ ఫుల్ లోడ్‌లో 12 చుట్టూ ఉండాల్సింది 14 వైపు జారితే అక్కడే ఆగి కారణం వెతకాలి. పిస్టన్ కరిగేది ఇలాంటి పుల్స్‌లోనే.

రీమ్యాప్ తర్వాత ప్లగ్స్, ఆయిల్ మార్చాలా?

మార్చడం మంచిది. బూస్ట్ పెరిగితే నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది, అందుకే ప్లగ్ గ్యాప్ కొంచెం తగ్గిస్తారు. ఒక మెట్టు చల్లటి ప్లగ్ వేయడం కూడా మామూలే. ఆయిల్ విషయంలో డబ్బాపై ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూడండి. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర, ఎక్కువ లోడ్‌లో, ప్లగ్ వెలగక ముందే మిశ్రమం అంటుకునే సమస్య ఒకటుంది. ఒక్కసారి జరిగినా పిస్టన్ పగలొచ్చు. 2020లో వచ్చిన ఎస్‌పీ ప్రమాణంలో దీనికోసం ప్రత్యేక పరీక్ష ఉంది. ఇంకో సులువైన జాగ్రత్త: టాప్ గేర్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నేలకి తొక్కొద్దు, ఒక గేర్ దించి తొక్కండి.

నా దగ్గర మామూలు స్విఫ్ట్ పెట్రోల్ ఉంది. దానికి ఏం చేయొచ్చు?

రీమ్యాప్‌తో కొద్దిపాటి మెరుగుదలే వస్తుంది. 83 పీఎస్ ఇంజిన్‌లో పది శాతం పెరిగినా ఎనిమిది పీఎస్. దానికి పెట్టే డబ్బుతో తేలికైన వీల్స్, మంచి టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు వేయిస్తే కారు నడపడంలో ఆనందం ఎక్కువ. ఆ కారు గొప్పతనం బరువు తక్కువ ఉండటంలోనే ఉంది, దాన్ని వాడుకోండి.

## ఇంకా ముందుకు వెళ్లేవాళ్లకు

పెద్ద టర్బో వేస్తే సరిపోతుందా?

సరిపోదు. పెద్ద టర్బో తిరగడం మొదలుపెట్టడానికి ఎక్కువ ఎగ్జాస్ట్ కావాలి, అందుకే తక్కువ ఆర్‌పీఎంలో ల్యాగ్ (తొక్కాక పవర్ వచ్చే ఆలస్యం) పెరుగుతుంది. పైన వచ్చే అదనపు గాలికి తగ్గ ఇంధనం కావాలి, అంటే ఇంజెక్టర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే హై ప్రెషర్ పంప్ కూడా. క్లచ్ మారాలి. ఇంటర్‌కూలర్ మారాలి. వీటిలో ఏ ఒక్కటి వెనకబడినా మిగతావాటికి పెట్టిన డబ్బు వృథా. సిటీలో నడిపే కారుకి, కంపెనీ వాళ్లే అదే ఇంజిన్ కుటుంబంలోని శక్తిమంతమైన మోడల్‌కి వేసే టర్బో దాటి వెళ్లొద్దని నా సలహా.

ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసిన) పిస్టన్లు, రాడ్లు ఎప్పుడు అవసరం?

రాడ్లు రెండు రకాలుగా విరుగుతాయి. తక్కువ ఆర్‌పీఎంలో విపరీతమైన బూస్ట్ వస్తే పైనుంచి పడే ఒత్తిడికి వంగిపోతాయి. ఎక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ దిశ మార్చుకునే క్షణంలో లాగే బలానికి తెగుతాయి, సాధారణంగా బోల్టు దగ్గర. మొదటి ప్రమాదాన్ని మంచి ట్యూనర్ కింద టార్క్ తగ్గించి, పైన పవర్ ఇచ్చి చాలావరకు తప్పించగలడు. స్టాక్ రాడ్లతో ఎక్కువ దూరం వెళ్లినవాళ్లందరూ చేసేది అదే.

ఫోర్జ్‌డ్ పిస్టన్లలో రెండు మిశ్రమాలు వాడతారు. 4032లో సిలికాన్ ఎక్కువ, వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి బిగువుగా అమరుతుంది. రోజువారీ కారుకి అది నయం. 2618 ఇంకా గట్టిది, దెబ్బ తగిలితే పగలకుండా తట్టుకుంటుంది. కానీ ఎక్కువ ఖాళీ వదలాలి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమంటుంది, ఆయిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది. అది ట్రాక్ కారుకి సరిపడే సరుకు.

రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగనిచ్చే గరిష్ఠ ఆర్‌పీఎం) 6500 నుంచి 7500కి పెంచమంటే ట్యూనర్ వద్దంటున్నాడు. ఎందుకు?

ఎందుకంటే లోపలి భాగాల మీద పడే జడత్వ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 6500 నుంచి 7500కి వెళ్తే ఆర్‌పీఎం 15 శాతమే పెరిగింది, బలం 33 శాతం పెరిగింది. వాల్వ్ స్ప్రింగులు అంత వేగానికి వాల్వ్‌ని సమయానికి మూయలేకపోతే పిస్టన్ వచ్చి గుద్దుతుంది. పైగా చిన్న స్టాక్ టర్బోకి 6000 దాటాక ఊపిరి ఆడదు, అక్కడ పవర్ పడిపోతూ ఉంటుంది. మీ ట్యూనర్ మంచి మాటే చెప్పాడు.

వేరే ఇంజిన్ తెచ్చి పెట్టించాలని ఉంది. కుదురుతుందా?

పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ వేయించి, ఆర్టీఏ అనుమతితో ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించుకోవడానికి వీలుంది. వేరే కంపెనీ పెద్ద ఇంజిన్ వేసి రోడ్డు మీద తిప్పడం వేరు సంగతి, దానికి ఆమోదం దొరుకుతుందని ఆశపడొద్దు. మౌంటింగులు, వైరింగ్, గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్‌లు, కూలింగ్ అన్నీ కొత్తగా చేయాలి. అదే డబ్బుతో శక్తిమంతమైన ఇంజిన్‌తో వచ్చిన కారునే సెకండ్ హ్యాండ్‌లో కొనడం ఎప్పుడూ మెరుగు.

## చట్టం, వారంటీ, ఇన్సూరెన్స్

కారు మోడిఫై చేస్తే నిజంగా కేసు అవుతుందా?

అవ్వచ్చు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సాఫ్ట్‌వేర్ మార్పు కంటికి కనిపించదు కాబట్టి చట్టం వర్తించదని అనుకోవద్దు. ఇంజిన్ స్పెసిఫికేషన్ మారితే మారినట్టే.

వారంటీ, ఇన్సూరెన్స్ పోతాయా?

ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ పోయినట్టే అనుకుని మొదలుపెట్టండి. స్టాక్ ఫైల్ వెనక్కి వేసినా ఈసీయూని ఎన్నిసార్లు రాశారో చాలా కార్లలో లెక్క ఉంటుంది, సర్వీస్ సెంటర్ చదవగలదు. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులు చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు అది మంచి కారణం. వారంటీ అయిపోయాకే చేయించడం మంచిదని నేను గట్టిగా చెబుతాను.

నేను అమెరికాలో ఉంటున్నా. అక్కడ పరిస్థితి ఏంటి?

రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో అయితే కార్బ్ అనే రాష్ట్ర సంస్థ ఇచ్చిన ఈవో (ఆమోదం) నంబర్ ఉన్న పార్టులే, ట్యూన్‌లే కొనండి. ఆ నంబర్ లేకపోతే స్మాగ్ చెక్‌లో ఫెయిలవుతారు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడాన్ని ఫెడరల్ చట్టమే నిషేధించింది, ఏ రాష్ట్రంలో ఉన్నా.

## పని అయిపోయాక

డైనోలో నా కారు 150 అని చూపించింది. ఫ్రెండ్‌ది వేరే డైనోలో 165. వాడిదే ఎక్కువా?

అలా పోల్చలేం. ఒక డైనో చక్రాల దగ్గర కొలిచింది చెబుతుంది, ఇంకొకటి గేర్‌బాక్స్‌లో పోయే నష్టాన్ని కలిపి ఇంజిన్ దగ్గరి లెక్క చెబుతుంది. ఆ తేడానే 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత, ముందు పెట్టిన ఫ్యాన్, టైర్ ప్రెషర్ కూడా అంకెను మారుస్తాయి. ఒకే డైనో మీద, ఒకే రోజు, మార్పుకి ముందూ తర్వాతా తీసిన రెండు గ్రాఫుల మధ్య తేడానే నమ్మండి.

రోజువారీ నడపడంలో ఏం మార్చుకోవాలి?

కూలెంట్ సూది మధ్యకి వచ్చినా ఆయిల్ ఇంకా వేడెక్కి ఉండదు, మరికొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. గట్టిగా తోలాక చివరి రెండు కిలోమీటర్లు తేలిగ్గా నడిపి ఆపితే టర్బో చల్లబడుతుంది. ఆయిల్ మార్చే గడువుని కంపెనీ చెప్పినదానికన్నా ముందుకు జరపండి. నెలకోసారి డిప్‌స్టిక్ చూడండి.

పెంచిన పవర్ ఎక్కడ వాడాలి? ఓఆర్‌ఆర్ ఖాళీగా ఉంటుంది కదా?

హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద గరిష్ఠ వేగం 120. దాని మీద రేసులు పెట్టుకుంటే సెక్షన్ 189 కింద కేసు, అంతకన్నా ముఖ్యం పక్క లేన్‌లో కుటుంబాలు వెళ్తుంటాయి. ట్రాక్‌కి వెళ్లండి. మనకు దగ్గర్లో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. సొంత కార్లతో నడిపే ట్రాక్ డేలు అప్పుడప్పుడూ పెడతారు. హెల్మెట్, కొత్త బ్రేక్ ఆయిల్, ముందు చక్రాలకి మంచి ప్యాడ్లు, వెంట ఒక సెట్ స్పేర్ ప్యాడ్లు తీసుకెళ్లండి. మొదటి సెషన్‌లో టైమ్ చూడొద్దు. నాలుగు లాప్‌లు గట్టిగా, ఒక లాప్ నెమ్మదిగా చల్లబరుస్తూ నడపండి. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, వేడి డిస్క్‌కి ప్యాడ్ అతుక్కుంటుంది. గేర్‌లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి, బోనెట్ తెరిచి ఉంచండి.